స్టార్‌డ్యూ వ్యాలీలో మెషీన్లు చేసుకోవడం గిట్టుబాటేనా? ఒక రాగి కడ్డీ కోసం కొట్టుకున్నాక వేసిన లెక్కలు

సంక్రాంతి సెలవుల్లో మా చెల్లీ నేనూ ఒకే లాప్‌టాప్‌లో స్క్రీన్ రెండు ముక్కలు చేసుకుని స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్‌లో కొత్త ఫామ్ మొదలెట్టాం. పొలం నాది, కోళ్లూ ఆవులూ తనవి, డబ్బు మాత్రం ఉమ్మడి. అంతా బానే ఉంది అనుకుంటుండగా గేమ్‌లో వేసవి మొదట్లో ఒకరోజు కొలిమిలోంచి ఒక రాగి కడ్డీ బయటికొచ్చింది, ఇక దాని మీద పడ్డాం ఇద్దరం. నా దగ్గర అప్పటికే ఒకటి ఉంది, ఇంకోటి కలిస్తే చెట్టుకి ట్యాపర్ కట్టొచ్చు, దాంతో ఓక్ జిగురు, జిగురుతో పీపాలు, పీపాలతో వైన్, అలా నా ప్లాను ఎక్కడికో వెళ్లిపోయింది. తనకేమో మయోనైజ్ మెషీన్ కావాలి. "అన్నయ్యా, నీ సారా బట్టీ ఎప్పటికి వెలగాలి, నా కోళ్లు ఇవాళ పొద్దున్నే గుడ్లు పెట్టాయి" అంది. నేను ఇవ్వలేదు. పెద్దోణ్ణి కదా.

తర్వాత తను నిద్రపోయాక కూర్చుని కాగితం మీద లెక్క వేస్తే తనదే కరెక్ట్ అని తేలింది, అది తనకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది అనుకోండి. ఆ లెక్కే ఇంకొంచెం పొడిగించి ఇక్కడ రాస్తున్నా, ఈ గేమ్‌లో ఇన్ని మెషీన్లు ఉన్నాయి కదా, ఏవి చేసుకోవాలి ఏవి దండగ అని నన్ను చాలామంది అడిగారు కాబట్టి.

గేమ్ తెలీనివాళ్లకి రెండు ముక్కల్లో. 2016 ఫిబ్రవరిలో వచ్చింది, ఎరిక్ బారోన్ అనే మనిషి ఒక్కడే కూర్చుని నాలుగున్నరేళ్లు చేశాడు, బొమ్మలూ సంగీతమూ కోడూ అన్నీ ఆయనవే. తాత వదిలేసిన బీడు పొలానికి వెళ్లి సాగు చేసుకోవడం, అంతే కథ. ఫోన్‌లో కూడా ఉంది, ఒకసారి కొనుక్కుంటే చాలు, మధ్యలో యాడ్లు రావు, రూబీలు కొను జెమ్ములు కొను అని ఎవడూ పీక్కుతినడు. తెలుగు భాష లేదు, అది ఒక్కటే లోటు, కానీ వ్యవసాయం కాబట్టి మా అమ్మకి కూడా పక్కన కూర్చుంటే సగం అర్థమైపోయింది.

అసలు విషయానికొస్తే, పొలంలో పండింది రాత్రి డబ్బాలో వేస్తే పొద్దున్నకి డబ్బులు వస్తాయి. అలా పచ్చిగా అమ్మొచ్చు, లేకపోతే మెషీన్‌లో వేసి ఇంకోటిగా మార్చి అమ్మొచ్చు. పండు జామ్ అవుతుంది, పాలు చీజ్ అవుతాయి, ఉన్ని గుడ్డ అవుతుంది. దాదాపు ఎప్పుడూ రేటు ఎక్కువే వస్తుంది కాబట్టి అందరూ మెషీన్లు చెయ్యండి చెయ్యండి అంటారు. కానీ మెషీన్ ఊరికే రాదుగా, కర్రా రాయీ బొగ్గూ కడ్డీలూ పెట్టి చెయ్యాలి, ఆ సరుకు అమ్మినా డబ్బులే, అది దాచినందుకు ఆ వారం విత్తనాలు తక్కువ కొనాల్సి వస్తే అదీ నష్టమే. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు.

ముందు చెల్లి మెషీన్. మయోనైజ్ మెషీన్ వ్యవసాయం లెవెల్ 2కే వస్తుంది, 15 కర్రలు, 15 రాళ్లు, ఒక ఎర్త్ క్రిస్టల్, ఒక రాగి కడ్డీ. ఇవన్నీ విడివిడిగా అమ్మితే మొత్తం 170 గోల్డ్ (గేమ్‌లో డబ్బు పేరు). మామూలు గుడ్డు 50, మయోనైజ్ 190, అంటే గుడ్డుకి 140 మిగులు, రెండో గుడ్డుకే మెషీన్ ఖర్చు వచ్చేసింది. పైగా గేమ్‌లో మూడు గంటల్లో తయారు, పొద్దున్న ఆరుకి గుడ్డు వేస్తే తొమ్మిదికి తీసుకోవచ్చు, అప్పటికి నేను ఇంకా మొక్కలకి నీళ్లు పోస్తూనే ఉంటాను. కోళ్లు పెద్దవై పెద్ద గుడ్డు పెడితే దానికి గోల్డ్ స్టార్ (మేలు రకం) మయోనైజ్ 285 వస్తుంది. ఈ గేమ్ మొత్తంలో ఇంత తొందరగా తన ఖర్చు తను తెచ్చుకునే వస్తువు నాకు కనపళ్ళేదు. కోళ్లుంటే కళ్లు మూసుకుని చేసుకోండి, రెండు మూడు పెట్టుకోండి, ఆలోచించొద్దు.

చీజ్ ప్రెస్ కూడా అదే జాతి. సరుకు 390 దాకా అవుతుంది, అందులో హార్డ్‌వుడ్ 10 కావాలి కాబట్టి పెద్ద దుంగలు కొట్టేంత గొడ్డలి ఉండాలి. 125 పాలు 230 చీజ్ అవుతుంది. నాలుగు సార్లు పాలు పితికితే సరి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఊళ్లోని కమ్యూనిటీ సెంటర్‌లో బండిల్స్ ఉంటాయి, అంటే అడిగిన సరుకులన్నీ ఇస్తే బహుమతి ఇచ్చే లిస్టులు, అక్కడ యానిమల్ బండిల్ నింపితే చీజ్ ప్రెస్ ఫ్రీగా ఇస్తారు, ఆర్టిజన్ బండిల్‌కి ఒక పీపా, క్వాలిటీ క్రాప్స్‌కి ఒక జాడీ, ఫాల్ పంటల బండిల్‌కి తేనెపెట్టె, అందుకని మీకు ఒక్కటే చాలు అనుకున్నది అయితే ముందు బండిల్ చూసుకుని తర్వాత కర్ర నరకండి. మేం చీజ్ ప్రెస్ చేసుకున్న మూడో రోజున బండిల్ నిండింది. ఇప్పుడు రెండు ఉన్నాయి, ఆవు ఒక్కటే.

ఇక జాడీలు. గేమ్‌లో ప్రిజర్వ్స్ జార్ అంటారు, మా ఇంట్లో మొదటి రోజు నుంచీ జాడీయే. లెవెల్ 4కి వస్తుంది, 50 కర్రలు 40 రాళ్లు 8 బొగ్గులు. కూరగాయ వేస్తే పికిల్స్, పండు వేస్తే జెల్లీ. (పికిల్స్ అంటే ఆవకాయలాంటిదేమో అని మా అమ్మ ఆశపడింది, కారం లేదు నూనె లేదు, ఉప్పునీళ్లలో ముక్కలు అని చెప్తే "అది పచ్చడెలా అవుతుంది" అని లేచి వెళ్లిపోయింది.) రేటు లెక్క చాలా సులువు, పచ్చి ధరకి రెండింతలు, దాని మీద ఇంకో 50. ఆ 50 ఉంది చూశారా, అదే అసలు కిటుకు. ఖరీదైన పంటకి 50 ఎంత, లెక్కలోకి రాదు, కానీ 35 గోల్డ్ పార్స్‌నిప్‌ని 120కి అమ్మడం అంటే మూడింతల పైమాటే. బంగాళాదుంప 80 నుంచి 210 అవుతుంది, టమాటా 60 నుంచి 170. అందుకే జాడీ అనేది చవక పంటల మెషీన్, పేదోడి మెషీన్.

అయితే దీనికి బొగ్గు కావాలి, మొదటి ఏడాది బొగ్గు కష్టం మామూలుగా ఉండదు. జాడీకి 8, పది జాడీలకి 80, ఇక ప్రతి కడ్డీ కరిగించడానికీ ఒక బొగ్గు. కమ్మరి క్లింట్ దగ్గర కొందామంటే ఒక్కోటి 150, ఎనిమిదింటికి 1200, అంటే బ్లూబెర్రీ జెల్లీ పన్నెండు సార్లు చేస్తేగానీ ఆ బొగ్గు డబ్బులే తిరిగిరావు, ఇక జాడీ చేసి లాభం ఏంటి. కొనకండి. గనిలో 41 నుంచి 79 అంతస్తుల మధ్య మసి ముద్దల్లాంటి చిన్న చిన్న జీవాలు గెంతుతూ వస్తాయి, డస్ట్ స్ప్రైట్లు, వాటిని కొడితే బొగ్గు రాలుతుంది. చెల్లిని గనిలోకి పంపించి నేను పొలం చూసుకున్నా, ఒక వర్షం రోజు మొత్తం అదే పని చేసింది, పాపం.

మా మొదటి వేసవి లెక్క చెప్తా (గేమ్‌లో ఒక సీజన్ అంటే 28 రోజుల ఒక్క నెలే). 30 బ్లూబెర్రీ మొక్కలు, విత్తనం 80 చొప్పున 2400. ఒకటో తారీఖున వేస్తే 14న మొదటి కోత, తర్వాత నాలుగు రోజులకోసారి, మొత్తం నాలుగు కోతలు, మొక్కకి మూడేసి పళ్లు, కలిపి సుమారు 360 పళ్లు. పచ్చిగా 50 చొప్పున 18,000. మాకున్నవి పది జాడీలు, ఒక్కో విడత రెండున్నర రోజులు. 14 నుంచి నెలాఖరు దాకా తిప్పి తిప్పి వేస్తే ఐదు విడతలు, 50 పళ్లు. అంటే 360లో 50! మిగతా 310 చెక్కపెట్టెలో. అప్పుడు నాకనిపించింది, ఇదేంటి, ఇంత కష్టపడి చేసిన పది జాడీలు పంటలో ఏడో వంతు కూడా మింగట్లేదు, 5000 అదనంగా వచ్చింది నిజమే కానీ నేనేదో పెద్ద జామ్ ఫ్యాక్టరీ పెట్టినట్టు ఫీలైపోయానే అని.

కానీ ఇక్కడే ఒక సంగతి ఉంది, ఈ గేమ్‌లో పెట్టెలో పెట్టిన పండు కుళ్లదు. నెల కాదు ఏడాది పెట్టినా కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మదనపల్లిలో టమాటా రేటు పడిపోయినప్పుడు ట్రాక్టర్లకి ట్రాక్టర్లు రోడ్డు పక్కన పారబోస్తారు చూడండి, ఆ రైతు దగ్గర ఇలాంటి ఒక్క పెట్టె ఉంటే చాలు జాతకం మారిపోయేది. గేమ్‌లో అది 50 కర్రలకి వస్తుంది. కాబట్టి వేసవిలో అన్నీ అమ్మేయకుండా ఒక 110 పళ్లు పక్కన పెట్టుకుంటే, చలికాలం 28 రోజులు బయట మామూలు పంటలేవీ ఉండవు కదా, అప్పుడు పది జాడీలూ ఖాళీ లేకుండా పదకొండు విడతలు తిరుగుతాయి. మెషీన్ విలువ తెలిసేది చలికాలంలోనే. అందరూ ఖాళీగా గనుల్లో తిరుగుతుంటే మన ఇంటి ముందు జాడీలు ఊరుతూ ఉంటాయి.

అయితే మొదటి వసంతంలో మాత్రం ఈ దాచుకోవడం వద్దు. పార్స్‌నిప్ విత్తనం 20, నాలుగు రోజుల్లో 35. ఆ 35ని వెంటనే ఇంకో విత్తనంలో పెడితే నెలలో నాలుగైదు సార్లు తిరుగుతుంది. చేతిలో డబ్బు లేనప్పుడు పంట ఆపుకుని మెషీన్ కోసం ఎదురుచూడటం వడ్డీకి తెచ్చి బంగారం దాచుకున్నట్టే. పొలం నిండా విత్తనం వేసినా ఇంకా డబ్బు మిగులుతోంది అనే రోజు వస్తుంది, మెషీన్ల గురించి ఆ రోజు ఆలోచించండి. కోళ్లవాళ్లకి ఈ రూల్ లేదు, మయోనైజ్ మెషీన్ మొదటి రోజు నుంచే.

సరే పీపాలు. కెగ్ అంటే అందరికీ పిచ్చి, నాకూ పిచ్చే, దానికోసమే కదా రాగి కడ్డీ గొడవ. లెవెల్ 8, 30 కర్రలు, ఒక రాగి కడ్డీ, ఒక ఇనుప కడ్డీ, ఒక ఓక్ రెజిన్, అదే ఆ ఓక్ జిగురు. చూడ్డానికి తక్కువే అనిపిస్తుంది కానీ ఆ రెజిన్ ఉందే, అది ఓక్ చెట్టుకి ట్యాపర్ కట్టి తీయాలి, తాటిచెట్టుకి లొట్టి కట్టినట్టు, వారానికి ఒక్కటి దిగుతుంది. పది పీపాలు కావాలంటే పది చెట్లకి పది ట్యాపర్లు కట్టి ఒక వారం ఆగాలి, లేదా ఒక్క చెట్టుతో పది వారాలు. ఒక్కో ట్యాపర్‌కి 40 కర్రలు, రెండు రాగి కడ్డీలు, అంటే పదింటికి 400 కర్రలు, 100 రాగి ఖనిజం, 20 బొగ్గులు, ఇది పీపా ఖర్చులో ఎవరూ కలపరు. కలిపితే మొదటి పది పీపాలు నిజంగా ఖరీదైనవి, తర్వాతవి చవక. అందుకే లెవెల్ 8 వచ్చాక ట్యాపర్లు కట్టేవాళ్లు ఒక నెల వెనకబడతారు, నా ప్లానులో తప్పు లేదు, కాకపోతే ఆ ఒక్క కడ్డీ ముందు చెల్లికిచ్చి తర్వాతది నేను తీసుకోవాల్సింది, దాని మయోనైజ్ డబ్బుతోనే నాకు ఇంకో నాలుగు కడ్డీల రాగి వచ్చేది.

పీపాలో పండు వేస్తే వైన్, పచ్చి ధరకి మూడింతలు. కూరగాయ జ్యూస్ అయితే రెండుంపావు ఇంతలే. జాడీయా పీపానా అనేది ఈ గేమ్ ఆడేవాళ్లలో ఆవకాయా మాగాయా లాంటి గొడవ, ఎప్పటికీ తెగదు. పండు ధర సరిగ్గా 50 అయితే రెండూ సమానం, బ్లూబెర్రీ జెల్లీ 150, వైన్ 150. 50 దాటితే పీపా ఎక్కువ ఇస్తుంది. కూరగాయలకి ఆ గీత 200 దగ్గర, గుమ్మడికాయ ఎర్ర క్యాబేజీ లాంటివి తప్ప మిగతావన్నీ జాడీకే. ఇక్కడి దాకా అందరికీ తెలుసు. తెలీనిదేంటంటే వైన్‌కి ఆరుంపావు రోజులు పడుతుంది, జెల్లీకి రెండున్నర. కర్బూజా తీసుకోండి, పచ్చిగా 250. వైన్ 750, మిగులు 500. జెల్లీ 550, మిగులు 300. 25 రోజుల్లో ఒక పీపా నాలుగు విడతలు తిరుగుతుంది, 2000 మిగులు. అదే 25 రోజుల్లో జాడీ పది విడతలు, 3000 మిగులు. అంటే జాడీయే గెలిచింది! కానీ జాడీ పది కర్బూజాలు తింది, పీపా నాలుగే తింది. మీ దగ్గర నాలుగు కర్బూజాలే ఉంటే పీపాలో 2000, జాడీలో 1200.

నేను మొదట ఇది చూసి నమ్మలేదు, వేరే పళ్లతో కూడా వేశాను, ఏ పండుకి వేసినా ఇంతే, పంట పొంగిపోతుంటే జాడీ, మెషీన్లు ఖాళీగా ఉంటే పీపా. కొత్తగా ఆడేవాళ్లకి పంట ఎక్కువ మెషీన్లు తక్కువ ఉంటాయి, పెద్ద ఫామ్ వచ్చాక షెడ్డు నిండా మెషీన్లు పెట్టి పంట చాలక కొట్టుకుంటారు. ఇంటర్నెట్‌లో సలహాలు చెప్పేవాళ్లంతా రెండో రకం, అందుకే వాళ్లు "కెగ్ తప్ప ఏమీ వద్దు" అంటారు, మనం మొదటి ఏడాదిలో ఉండి అది పాటిస్తే ఓక్ చెట్ల కింద జిగురు కోసం చూస్తూ కూర్చోవాలి.

ఒక్క హాప్స్ (బీరులో వేసే తీగ కాయ) మాత్రం ఈ లెక్కలన్నిటికీ అతీతం. విత్తనం 60, వేసవిలో మొదటి రోజే వేస్తే 12వ తారీఖు నుంచి రోజుకొక కాయ, నెలాఖరుకి 17. పచ్చిగా 25, ఎవడూ పట్టించుకోడు. పీపాలో వేస్తే పేల్ ఏల్ అనే బీరు, 300, అది కూడా రోజున్నరలో. ఒక్క మొక్క మీద 5100! ఒక్క పీపా లెక్క చూస్తే రెండు విడతల్లోనే దాని సరుకు ఖర్చు వెనక్కి వచ్చేస్తుంది. గోధుమ కూడా అంతే, 25 పెట్టి బీరు 200. మీ మొదటి పీపాల్లో వైన్ వేయకండి బాబూ, హాప్స్ వేయండి. తీగపందిరి మొక్క కాబట్టి దాని మధ్యలోంచి నడవడానికి కుదరదు, వరసల మధ్య దారి వదిలి వేసుకోండి, నేను నాలుగు వరసలు కలిపి వేసి లోపలివి కోయలేక నా పందిరే నేను గొడ్డలితో కొట్టుకున్నా.

ఇంకోటి, మెషీన్లకి క్వాలిటీ అక్కర్లేదు. గోల్డ్ స్టార్ కర్బూజా వేసినా మామూలుది వేసినా వచ్చే వైన్ ఒకటే. కాబట్టి స్టార్ ఉన్నవి పచ్చిగా అమ్మి స్టార్ లేనివి మెషీన్‌లో వేయాలి. చెప్తే చిన్న విషయం, ఒక సీజన్ మొత్తం చెల్లి తెలీక మంచివన్నీ జాడీల్లో వేసింది.

వ్యవసాయం లెవెల్ 5లోనూ 10లోనూ గేమ్ ఒక్కో నైపుణ్యం ఎంచుకోమంటుంది, 5లో టిల్లర్ తీసుకుని 10లో ఆర్టిజన్ తీసుకుంటే ఇలా తయారైన వాటన్నిటి మీదా 40 శాతం ఎక్కువ. 300 పేల్ ఏల్ 420, 190 మయోనైజ్ 266. కాఫీకి మాత్రం వర్తించదు. ఇది వచ్చాక పచ్చిగా అమ్మడం దాదాపు ఆపేయొచ్చు. పొరపాటున ఇంకోటి ఎంచుకున్నా భయపడక్కర్లేదు, మురుగు కాలవల్లో ఉన్న విగ్రహానికి 10,000 సమర్పించుకుంటే మార్చుకోవచ్చు.

దండగ మెషీన్లు కూడా చెప్పాలి కదా. ఆయిల్ మేకర్ పందులు ఉన్నవాళ్లకి తప్ప వద్దు, పొద్దుతిరుగుడు 80కి అమ్ముడుపోయేదాన్ని గానుగలో వేసి 100కి అమ్మడానికి బంగారు కడ్డీ, 20 హార్డ్‌వుడ్ పెట్టాలా? పందులు తవ్వితీసే ట్రఫుల్‌కి (అదో రకం పుట్టగొడుగు) అయితే 625 కాస్తా 1065 అవుతుంది, మంచిదే, కానీ ఫోరేజింగ్‌లో (అడవి సరుకు ఏరుకోవడంలో) బోటనిస్ట్ అనే నైపుణ్యం తీసుకున్నవాళ్లకి ట్రఫుల్ అన్నిటికంటే మేలైన ఇరిడియం క్వాలిటీలో వస్తుంది, అది పచ్చిగానే 1250, ఆర్టిజన్ లేకుండా నూనె తీస్తే నష్టం. సీడ్ మేకర్‌కి కూడా బంగారు కడ్డీ కావాలి, ఊళ్లో పియెర్ దగ్గర విత్తనాలు చవగ్గా దొరుకుతుంటే (బుధవారం తప్ప, ఆ రోజు మూసేస్తాడు మహానుభావుడు) దీంతో పనేంటి, ఏన్షియెంట్ ఫ్రూట్ లాంటి షాపులో దొరకని వాటికి ఒక్కటి చాలు. మగ్గం గొర్రెలుంటే సరే. బొగ్గు బట్టీ పది కర్రలు తిని ఒక బొగ్గు ఇస్తుంది, అత్యవసరం అయితేనే.

తేనెపెట్టె మొదట నేను తీసిపారేశా. నాలుగు రోజులకి 100 తేనె, సరుకు ఖర్చు 500 పైనే, చలికాలం పని చెయ్యదు. కానీ దాని పక్కన ఐదు గడుల లోపు ఫెయిరీ రోజ్ పువ్వు పూసి ఉంటే అదే తేనె 680. ఒక్క పువ్వు చుట్టూ ఎన్ని పెట్టెలైనా పెట్టుకోవచ్చు, పువ్వు కోయకుండా ఉంటే చాలు. ఫాల్ సీజన్‌లో ఇది నిజంగా పండగ. ఇంటి కింద సెల్లార్‌లో వచ్చే క్యాస్క్‌లు అంటే వైన్ నిలవబెట్టేవి, వాటి గురించి పెద్దగా చెప్పను, 56 రోజులు ఉంచితే రేటు రెండింతలు, 33 ఫ్రీగా వస్తాయి, మంచి వైన్ పడేసి మర్చిపోండి, అదనంగా చేసుకోవాలని ఆరాటపడకండి.

2024లో 1.6 అప్‌డేట్‌తో వచ్చిన డీహైడ్రేటర్ మాత్రం నా వేసవి బాధకి మందు. ఒకేసారి ఐదు పళ్లు వేస్తే పొద్దున్నకి వరుగులు రెడీ, ఐదు బ్లూబెర్రీలు పచ్చిగా 250, ఎండితే 400. జాడీలో ఒక్కోటీ వేస్తే 750 వచ్చేది కదా అనొచ్చు, నిజమే, కానీ ఆ ఐదూ ఒక్క జాడీలో పూర్తవ్వాలంటే పన్నెండు రోజులు దాటిపోతుంది, ఇది ఒక్క రాత్రి. పంట పొర్లిపోతున్నవాడికి జాడీ కంటే ఇదే మేలు. తయారీ విధానం కొనడానికే పియెర్‌కి 10,000 కట్టాలి, అక్కడ కొంచెం గుండె జారుతుంది. చేపలు పట్టేవాళ్లకి చేపల షాపు విల్లీ దగ్గర అదే రేటుకి స్మోకర్ ఉంది, ఒక బొగ్గు పెడితే చేప రేటు డబుల్, క్వాలిటీ కూడా పోదు. మళ్లీ బొగ్గే.

ఇన్ని లెక్కల్లో నేను వేయనిది ఒకటుంది, అది మన టైమ్. గేమ్‌లో ఒక రోజంటే బయట 14 నిమిషాలు. 40 పీపాలకి తిరిగి తీసి మళ్లీ నింపడానికి రెండు నిమిషాలు పోతే అది ఆ రోజులో ఏడో వంతు. హాప్స్ అయితే రెండు రోజులకోసారి ఆ పని, వైన్ అయితే వారానికోసారి. కాగితం మీద హాప్స్ ఎంత గొప్పగా ఉన్నా నెల తిరిగేసరికి నాకు విసుగొచ్చి ఏన్షియెంట్ ఫ్రూట్ వైన్‌కి మారిపోయా, వారానికి ఒక్కో పీపాకి 1100 మిగులు, ఆదివారం ఒక్కరోజు షెడ్డులో తిరిగితే సరి. కంప్యూటర్లో మౌస్ నొక్కి పట్టుకుని వరస పక్కనుంచి నడిచెళ్తే అవే నిండుతాయి, ఫోన్‌లో ఆడేవాళ్లకి వేలితో ఒక్కోటి నొక్కుతూ పోవడం నరకం, వాళ్లు జాడీలు పదికి మించి పెట్టుకోకుండా నేరుగా పీపాలకి పోవడమే మంచిది. ఇద్దరూ కలిసి ఆడితే ఇంకో తంటా, మెనూ తెరిచినా గడియారం ఆగదు, చెల్లి పెట్టెలో సరుకు సర్దుతూ ఉంటే రాత్రి రెండు అయిపోయి ఇద్దరం సొమ్మసిల్లి పడిపోయిన రోజులున్నాయి.

ఇప్పుడు మాకు రెండో ఏడాది వేసవి. పెట్టెలో రాగి కడ్డీలు 60 పైన పడున్నాయి, ఇద్దరికీ అక్కర్లేదు. నిన్న ఉరుము రాత్రి లైట్నింగ్ రాడ్‌కి ఒక్క బ్యాటరీ దొరికింది, ఇరిడియం కడ్డీలు రెండున్నాయి. ఒక కడ్డీ, ఆ బ్యాటరీ నాకిస్తే 24 గడులకి నీళ్లు పోసే స్ప్రింక్లర్ చేస్తా అన్నా. తనకి రెండు కడ్డీలూ బ్యాటరీ ఇస్తే క్రిస్టలేరియం (లోపల పెట్టిన రాయికి నకళ్లు తీసే మెషీన్) చేసి వజ్రం పెడుతుందట, ఐదు రోజులకొకటి చొప్పున 750, ముట్టుకోకుండానే. ఖర్చు 3900 పైన, తిరిగి రావడానికి 30 రోజులు, అదీ లెక్క వేసి చూపించింది. "నీ లెక్క నువ్వు రాసుకో అన్నయ్యా, నేను గోల్డ్ కడ్డీలు కరగబెడుతున్నా" అని కొలిమి దగ్గరికెళ్లి నిలబడింది. ఈసారి బ్యాటరీ పెట్టెలో పెట్టలేదు, నా జేబులోనే ఉంది.